ఫ్యాక్టరీ రావడం వేరు, జిల్లా ఎదగడం వేరు

కొత్త పరిశ్రమకు శంకుస్థాపన జరిగిన ప్రతిసారీ అనకాపల్లి జిల్లాలో ఒకే ప్రశ్న మళ్ళీ లేస్తుంది: ఇన్ని వచ్చాయి సరే, మాకు మిగిలిందేమిటి? పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రం ఉంది, ఫార్మా సిటీ ఉంది. అచ్యుతాపురంలో శ్రీలంక దుస్తుల సంస్థ బ్రాండిక్స్, జపాన్ సంస్థ యొకొహామా టైర్ల కర్మాగారం పనిచేస్తున్నాయి. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకూ పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కూ 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రాజయ్యపేట దగ్గర ఆర్సెలార్ మిట్టల్-నిప్పన్ స్టీల్ ఉక్కు కర్మాగారం ప్రతిపాదన ఉంది. విశాఖ ప్రాంతాన్ని నీతి ఆయోగ్ గ్రోత్ హబ్‌గా ఎంచుకుంది. ప్రభుత్వాలు ఈ ప్రశ్నకు వేల కోట్ల పెట్టుబడి లెక్క చెబుతాయి. వ్యతిరేకించేవారు పోయిన ఎకరాలు, చెడిన సముద్రం, ప్రమాదాల్లో పోయిన ప్రాణాల లెక్క చెబుతారు. రెండూ అవసరమైన లెక్కలే. వచ్చిందెంత, పోయిందెంత అన్నది వాటిలో తేలుతుంది కానీ, స్థానికుల చేతిలో నిలిచిందెంత అన్నది తేలదు. ఒక దశలో పండిన మిగులు తరువాతి దశకు విత్తనంగా మారి, అదీ ఆ ప్రాంతపు మనుషుల చేతిలోనే మారితే వృద్ధి అభివృద్ధి అవుతుంది. అలా మారకపోతే ఎన్ని కర్మాగారాలు వచ్చినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఈ మాటకు రుజువు హిందూ మహాసముద్రంలో, తెలుగువాళ్ళు చెరకు కొట్టిన ఒక ద్వీపంలోనే ఉంది.

దానికి ముందు, ఉత్తరాంధ్ర వెనుకబాటుకు తరచూ చెప్పే రెండు కారణాలను పరీక్షించాలి. మొదటిది భౌగోళికం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాకు కాలువ నీళ్ళు వచ్చాయి. శారద, వరాహ, తాండవ వంటి చిన్న నదులూ చెరువుల మీద ఆధారపడ్డ ఈ ప్రాంతానికి అలాంటి వరం దక్కలేదు. రెండోది చరిత్ర. 19వ శతాబ్దపు తొలి ఏళ్లలో శాశ్వత శిస్తు పద్ధతి కింద విశాఖ జిల్లాలో అత్యధిక భాగం జమీందారుల చేతికి వెళ్ళింది. అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, బ్రిటిష్ కాలంలో జమీందారీ ఉన్న జిల్లాలు స్వాతంత్య్రం వచ్చాక కూడా దిగుబడిలో, సాగునీటిలో, బడులు, ఆసుపత్రుల్లో రైత్వారీ జిల్లాలకంటే వెనుకబడే ఉన్నాయి. అంతరం హరిత విప్లవ కాలంలో మరింత పెరిగింది. ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టడం మొదలుపెట్టినప్పుడు దాన్ని అడిగి తెచ్చుకునే శక్తి ఒకచోట ఉంది, మరోచోట లేదు. సంస్థల స్వభావమే దేశాల భవితను నిర్ణయిస్తుందన్న వాదానికి 2024లో ఆసెమోగ్లూ, జాన్సన్, రాబిన్సన్‌లకు నోబెల్ కూడా దక్కింది. 2011 జనాభా లెక్కల్లో పశ్చిమ గోదావరి అక్షరాస్యత 74.63 శాతం, కృష్ణా 73.74 శాతం; ఉమ్మడి విశాఖ 66.91, శ్రీకాకుళం 61.74, విజయనగరం 58.89 శాతం. ఈ అంకెలు చూస్తే చరిత్ర చెయ్యి ఎంత పొడవో అర్థమవుతుంది. అయితే చరిత్రను తలరాతగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు. ఈ సిద్ధాంతాల ప్రకారం ఎన్నటికీ బాగుపడకూడని చోటు ఒకటి బాగుపడింది.

మారిషస్ సంగతే అది. 19వ శతాబ్దంలో కోరంగి వంటి రేవుల నుంచి ఓడలెక్కిన తెలుగు కూలీలు అక్కడి చెరకు తోటలకు చేరారు. నేటికీ ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. ఈ పోలిక దూరపుది కాదు. మారిషస్ జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. అనకాపల్లి జిల్లా జనాభా 2011 నాటికే సుమారు 17 లక్షలు. ఆ దేశ విస్తీర్ణం మన జిల్లాలో సగం కూడా లేదు. స్వాతంత్య్రం వచ్చిన 1968 నాటికి దాని ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా పంచదారే. పెద్ద చెరకు ఎస్టేట్లు ఫ్రెంచి మూలాలున్న కొద్ది కుటుంబాల చేతిలో ఉండేవి, భూసంస్కరణ జరగలేదు. మలేరియా తగ్గి జనాభా పెరిగింది, పనులు లేవు. 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఈ ద్వీపానికి ఆశాజనకమైన భవిష్యత్తు కనిపించడం లేదని రాశాడు; తరువాతి కాలంలో నోబెల్ పొందిన పండితుడాయన. అలాంటి దేశం 1980ల చివరికి దాదాపు అందరికీ పని చూపించగలిగింది. 2020లో ప్రపంచ బ్యాంకు దాన్ని అధికాదాయ దేశాల జాబితాలో చేర్చింది. కోవిడ్ దెబ్బకు మరుసటి ఏడాదే ఆ స్థానం పోయినా, చేరిన దూరం తక్కువది కాదు.

ఎలా చేరింది? పంచదార ఎగుమతి మీద ప్రభుత్వం పన్ను వేసింది, పెద్ద ఎస్టేట్ల మీద ఎక్కువ భారం పడేలా. ఆ డబ్బు బడులకూ వైద్యానికీ పింఛన్లకూ వెళ్ళింది. 1977 నుంచి సెకండరీ విద్య ఉచితం. పంచదారలో లాభాలు కళ్ళజూసిన కుటుంబాలు వాటిని దేశంలోనే దుస్తుల కర్మాగారాల్లో పెట్టాయి. హాంకాంగ్ నుంచి వచ్చిన పెట్టుబడికి సమానంగా స్థానిక పెట్టుబడి నిలిచింది. ఇక 1970 నాటి ఎగుమతుల మండలి చట్టంలో మనవాళ్ళు శ్రద్ధగా చూడాల్సిన అంశం ఒకటుంది. ఆ మండలికి ప్రహరీ లేదు. ద్వీపంలో ఏ ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టినా అనుమతి పత్రం తెచ్చుకుంటే అదే ఎగుమతుల యూనిట్. దాంతో కుట్టుమిషన్లు పల్లెలకు నడిచొచ్చాయి. ఇంటి నుంచి నడిచిపోగల దూరంలో పని దొరకడంతో చెరకు కూలీల కుటుంబాల ఆడపిల్లలు వేలాదిగా చేరారు. సంతానం 1960ల తొలినాళ్ళలో తల్లికి ఆరు దాకా ఉండేది, రెండు దశాబ్దాల్లో సగానికి తగ్గింది. 1994లో షుగర్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్ట్ ఏర్పాటుచేసి చక్కెర మిల్లుల్లో ఇరవై శాతం వాటాను చిన్న రైతులకూ కార్మికులకూ ఇప్పించారు. ఐరోపా సమాఖ్య 2006 తరువాత పంచదార కొనుగోలు ధరను మూడో వంతుకు పైగా కోసినప్పుడు మిల్లులు మూతపడ్డాయి. మూతపడ్డ మిల్లు కార్మికుడికి నగదుతో పాటు ఇంటిస్థలం ఇచ్చారు. మిగిలిన మిల్లులు చెరకు పిప్పితో కరెంటు తీస్తున్నాయి.

అదంతా అదృష్టమంటారు కొందరు. ఐరోపా మంచి ధరకు పంచదార కొంది, దుస్తుల కోటాలు కలిసొచ్చాయి, చిన్న దేశం కాబట్టి సర్దుకుంది అన్నది వాళ్ళ వాదన. ఇందులో నిజం ఉంది. కానీ 1975 నాటి పంచదార ఒప్పందం మారిషస్ ఒక్కదానికే రాలేదు. మన ప్రాంతపు వాళ్ళే కూలీలుగా పోయిన ఫిజీకి వచ్చింది, గయానాకు, జమైకాకు వచ్చింది. ఆ డబ్బుతో ఏం చేశారన్నదే తేడా తెచ్చింది. మారిషస్‌లో ఏ పార్టీ గెలవాలన్నా చెరకు కూలీల, చిన్న రైతుల ఓట్లు కావాలి. ఏ వర్గానికీ ఒంటరిగా మెజారిటీ లేదు. మిగులును పంచక తప్పని రాజకీయం అక్కడ ఉంది. అక్కడా అసమానత పోలేదు. క్రియోల్ ప్రజలు వెనకే ఉండిపోయారన్న ఆక్రోశం 1999లో అల్లర్లుగా బయటపడింది. దాన్ని స్వర్గమని చెప్పడం లేదు. తోటల పెత్తనంతో మొదలైన సమాజం కూడా నిబంధనలు మార్చుకుని దారి మార్చుకోగలదని మాత్రం ఆ దేశ అనుభవం చెబుతోంది. అంటే జమీందారీ గతం ఒక్కటే మనల్ని కట్టిపడేసిందనే సాకు నిలవదు.

ఇప్పుడు మన చెరకు కథ చూడండి. మొదలుపెట్టడంలో మనం ఎవరికీ వెనుక కాదు. కోయంబత్తూరులో చెరకు ప్రజనన సంస్థ 1912లో వస్తే, మరుసటి ఏడాదే, 1913లో, అనకాపల్లిలో పరిశోధన కేంద్రం వచ్చింది. అక్కడ పుట్టిన 87ఏ298 వంటి రకాలు రైతుల పొలాల్లో ఏళ్ళ తరబడి నిలిచాయి. 1930ల తొలి ఏళ్ళలోనే తుమ్మపాలలో, ఏటికొప్పాకలో రైతులు సహకార చక్కెర ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. మహారాష్ట్రలో విఠల్‌రావ్ విఖే పాటిల్, ధనంజయరావ్ గాడ్గిల్ ప్రవరానగర్ ఫ్యాక్టరీని నడపడం మొదలుపెట్టింది 1950లో. అంటే మనం దశాబ్దంన్నర ముందున్నాం. కానీ అక్కడి ఫ్యాక్టరీల చుట్టూ బ్యాంకులు, ఆసుపత్రులు, పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. ఇక్కడ తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీలు ఒకదాని వెనుక ఒకటి క్రషింగ్ ఆపేశాయి. గోవాడ ఫ్యాక్టరీ ఒక్కటే బకాయిల మధ్య ఈడ్చుకొచ్చింది. మహారాష్ట్ర వాతావరణంలో చెరకులో చక్కెర శాతం ఎక్కువన్నది నిజం. అక్కడి సహకార సంఘాలు రాజకీయ కుటుంబాల జాగీర్లయ్యాయన్న విమర్శ కూడా నిజం. అయినా ఆ జాగీర్దారు సైతం తన ఊళ్ళో కాలేజీ కట్టాల్సి వచ్చింది, ఎందుకంటే సభ్యరైతుల ఓటుతోనే అతని పదవి నిలుస్తుంది. మన ఫ్యాక్టరీలు పేరుకు సహకారం, నడక మాత్రం ప్రభుత్వ శాఖలది. పెట్టుబడి నుంచి మేనేజింగ్ డైరెక్టర్ దాకా నిర్ణయాలు పైనుంచే దిగుతుంటే, రైతు సభ్యుడిగా మిగల్లేదు, డబ్బులకోసం నిలబడ్డ సరఫరాదారుగా మిగిలాడు. చేతిలో నగదు పడాలంటే గానుగే గతి అనుకున్నాడు; చెరకు కొట్టే కూలీలు దొరకనివాళ్ళు సరుగుడు, నీలగిరి వేశారు. తోట వేస్తే ఏళ్ళ తరబడి ఎవరికీ పని ఉండదు.

గానుగ దగ్గరికి వెళ్తే అదే లోపం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి. అయినా యార్డులో దిమ్మకు ధర పలికేది రంగును బట్టే. తెల్లగా, పసుపుగా ఉన్నది మొదటి రకం. నల్లబడ్డది చివరి రకం, సారా కాయడానికి వాడతారన్న అనుమానం కూడా దాని మీద ఉంటుంది. రసం పెనంలో మరుగుతుండగా తెట్టు తీసేసి, హైడ్రోస్ అనే రసాయనం వేస్తే రంగు తేలుతుంది. రంగుకు ధర ఇచ్చే మార్కెట్లో హైడ్రోస్ వెయ్యనివాడు నష్టపోతాడు. ఇది రైతు నీతికి సంబంధించిన విషయం కాదు. స్వచ్ఛతను కొలిచి ధర కట్టే ఏర్పాటు లేకపోవడం. భారత్ తరువాత ఇలాంటి బెల్లం ఎక్కువగా వండే కొలంబియా ఈ చిక్కును ఎలా పట్టుకుందో చూడాలి. అక్కడ దాన్ని పనేలా అంటారు. 1990లో చేసిన 40వ నంబరు చట్టంతో పనేలా మీద చిన్న సుంకం వేసి, ఆ నిధిని పరిశోధనకు, మార్కెట్‌కు ఖర్చు చేసే బాధ్యత వండేవాళ్ళ సమాఖ్యకే అప్పగించారు. రంగు తేల్చే రసాయనాలను 2006లో నిషేధించారు. నిషేధం ఒక్కటే అయితే కాగితం మీద ఉండేది. సుంకంతో నడిచే సంస్థ ఉంది కాబట్టి దాన్ని అమలు చేసే దారి కూడా ఏర్పడింది. వందేళ్ళు దాటిన పరిశోధన కేంద్రం పక్కనే ఉండి, రాశులుగా సరుకు వచ్చే యార్డు ఊళ్ళోనే ఉండి, యార్డులో వసూలయ్యే సెస్సు నుంచి ఒక పరీక్షశాలా, దిమ్మకు బదులు పొడి చేసి ప్యాకెట్ కట్టే ఉమ్మడి యూనిట్లూ నడపలేకపోవడం అనకాపల్లికి న్యాయం కాదు.

చెరకులో జరగని మిగులు బదిలీ ప్రత్యేక ఆర్థిక మండళ్ళలో, అంటే సెజ్‌లలో, జరుగుతుందా అన్నదే అసలు ప్రశ్న. తెల్లవారకముందే యలమంచిలి, రాంబిల్లి, మునగపాక వైపు ఊళ్ళ నుంచి బస్సులు ఆడపిల్లల్ని ఎక్కించుకుని అచ్యుతాపురం కుట్టుమిషన్ల దగ్గరికి తీసుకెళ్తాయి. ఈ మార్పు చిన్నది కాదు. నెలనెలా జీతం తెచ్చే కూతురి మాట ఇంట్లో చెల్లుతుంది. బంగ్లాదేశ్‌లో రేచల్ హీత్, అహ్మద్ ముష్ఫిక్ మొబారక్ చేసిన అధ్యయనం ప్రకారం, దుస్తుల ఫ్యాక్టరీలకు దగ్గరి ఊళ్ళలో ఆడపిల్లలు ఎక్కువకాలం చదివారు, పెళ్ళిళ్ళు ఆలస్యమయ్యాయి. దీనికి పూర్తి విరుద్ధమైన ఫలితం మెక్సికోలో కనిపించింది. డేవిడ్ ఆట్కిన్ లెక్క ప్రకారం ఎగుమతి కర్మాగారాల్లో ప్రతి 25 కొత్త ఉద్యోగాలకు ఒక విద్యార్థి పన్నెండో తరగతి దాకా చదవాల్సినవాడు తొమ్మిదితోనే ఆపేశాడు. ఈ తేడాకు నాకు తోచిన కారణం ఇది: లెక్కలూ రాతా వస్తే కూలి పెరుగుతుందని, సూపర్‌వైజర్ కావచ్చని కనిపించిన చోట తల్లిదండ్రులు పిల్లను బడికి పంపుతారు, ఎంత చదివినా అదే మిషన్, అదే జీతం అనిపించిన చోట మాన్పిస్తారు. అచ్యుతాపురం ఏ దారిన వెళ్తుందో లైన్ మీద కూర్చున్న వాళ్ళలో ఎందరు పైమెట్టు ఎక్కుతున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. అంతకన్నా పెద్ద మెట్టు ఇంకొకటుంది. 1979లో బంగ్లాదేశ్‌కు చెందిన దేశ్ గార్మెంట్స్ 130 మందిని కొరియాలోని దేవూ ఫ్యాక్టరీకి శిక్షణకు పంపింది. కొన్నేళ్ళలో వాళ్ళలో 115 మంది ఆ సంస్థ వదిలి సొంత యూనిట్లు పెట్టారు, లేదా వేరే యూనిట్లకు వెళ్ళారు. ఆ సంస్థకు అది నష్టమే కావచ్చు, ఆ దేశానికి పరిశ్రమే పుట్టింది. అనకాపల్లి కుట్టుమిషన్ల మీద చెయ్యి తిరిగిన మహిళ సొంతంగా ఇరవై మిషన్లు పెట్టాలంటే స్థలం, అప్పు, ఆర్డరు ఎక్కడ దొరుకుతాయి? ప్రహరీ లోపల దొరకవు, బయట అడిగే చోటు లేదు.

స్థానికులకు పైమెట్టూ సొంత యూనిట్లకు దారీ చూపాలని షరతులు పెడితే పరిశ్రమలు గుజరాత్‌కో తమిళనాడుకో పోతాయన్న భయం ప్రతి ప్రభుత్వాన్నీ పట్టుకుంటోంది. ఆ భయం చూపిస్తున్న తమిళనాడునే గమనించండి. దేశంలో ఫ్యాక్టరీల్లో పనిచేసే మహిళల్లో నూటికి నలభై మందికి పైగా అక్కడే ఉన్నారు. 1982 నుంచి బడుల్లో విస్తృతంగా మధ్యాహ్న భోజనం పెట్టిన, ఉద్యోగినులకు హాస్టళ్ళు కట్టిన రాష్ట్రం అది. మలేసియాలోని పెనాంగ్‌కు 1972లో ఇంటెల్ వచ్చింది; 1989లో ప్రభుత్వం స్థలమిచ్చి, కంపెనీలే పాఠ్యాంశాలు నిర్ణయించి, ఉమ్మడి నైపుణ్య కేంద్రం పెట్టుకున్నాయి. కంపెనీలు పారిపోలేదు, లోతుగా పాతుకున్నాయి. చౌక భూమికీ చౌక కూలికీ వచ్చిన పరిశ్రమ ఇంకా చౌకైనచోటు దొరికితే వెళ్తుంది; నేర్పున్న మనుషులకోసం వచ్చినది అంత తేలిగ్గా కదలదు.

ప్రమాదాల విషయం కూడా ఇందులో భాగమే. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకై 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో పేలుడుకు 17 మంది బలయ్యారు. ఆ వారంలోనే పరవాడలో మరో ప్రమాదం. ప్రతిసారీ కమిటీ, పరిహారం, మరుపు. ఢాకా దగ్గర 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయాక, కార్మిక సంఘాలూ అంతర్జాతీయ బ్రాండ్లూ చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి. స్వతంత్ర ఇంజనీర్లు తనిఖీ చేసి, ఏ ఫ్యాక్టరీలో ఏ లోపం ఉందో బహిరంగంగా ప్రచురించారు. మన ఔషధాలు కూడా పెద్దపెద్ద విదేశీ కంపెనీలే కొంటున్నాయి. పరవాడ, అచ్యుతాపురం, రేపు నక్కపల్లి యూనిట్ల భద్రతా తనిఖీ నివేదికలు తెలుగులో, ఊరి పంచాయతీలో అతికిస్తే పెట్టుబడి భయపడుతుందన్నది నమ్మదగిన మాట కాదు. లోపలేమి మరుగుతోందో పక్క ఊరికి తెలియకపోవడమే బల్క్ డ్రగ్ పార్కు మీద రాజయ్యపేట మత్స్యకారుల ఆందోళనకు కారణం. ఆ నివేదికలు ముందే చేతిలో ఉంటే చర్చ మరోలా సాగేది.

నీళ్ళ సంగతి కూడా తేలకుండా ఉక్కు, మందుల కర్మాగారాల లెక్క తేలదు. దేవరాపల్లి దగ్గరి రైవాడ జలాశయం నీరు విశాఖ నగరానికి పోతోంది. ఆ నీరు ముందు పొలాలకే కావాలని రైతులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. పోలవరం ఎడమ కాలువ వస్తే కొరత తీరుతుందని ప్రతి ఎన్నికలకూ హామీ వస్తోంది. కాలువ పూర్తయ్యేనాటికి పొలానికెంత, నగరానికెంత, పరిశ్రమకెంత అన్నది ముందే చట్టంగా రాసి ఉంచకపోతే గొంతు పెద్దదున్నవాడికే వాటా దక్కుతుంది. ఆ గొంతు చోడవరం రైతుది కాదు.

స్వర్ణాంధ్ర 2047 పత్రం తలసరి ఆదాయాన్ని 42,000 డాలర్లకు చేరుస్తానంటోంది. తలసరి అంకె తేలిగ్గా పెరగగలదు. ఒక ఉక్కు కర్మాగారం ఉత్పత్తి మొదలుపెడితే జిల్లా సగటు ఒక్కసారిగా ఎగురుతుంది, రాజయ్యపేట ఇళ్ళలో మాత్రం ఏమీ మారకపోవచ్చు. కాబట్టి కొలవాల్సినవి వేరు. ప్రతి సెజ్ యూనిట్ ఏడాదికి జిల్లావాసులకు చెల్లించిన జీతాలెంత, సూపర్‌వైజర్ ఆపై స్థాయిలో ఉన్న స్థానికులెందరు, వాళ్ళలో మహిళలెందరు, జిల్లాలోని చిన్న సంస్థల నుంచి కొన్న సరుకెంత, భూమి లీజు మీద వచ్చిన ఆదాయంలో భూములిచ్చిన కుటుంబాలకు చేరిందెంత. మారిషస్ మిల్లుల్లో చిన్న రైతుకు వాటా ఇప్పించినట్టు, అచ్యుతాపురం, నక్కపల్లి భూముల విలువ పెరిగిన కొద్దీ వాటిని వదులుకున్నవాళ్ళకు ఒక భాగం చేరడం దయ కాదు, హక్కు. పరిహారం చెక్కు ఒకసారి ఇస్తారు. భూమి విలువ మాత్రం ఏటా పెరుగుతుంది. ఈ లెక్కలు చెప్పించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పరిశ్రమలకు భూములిచ్చే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ ఇకముందు రాసే ప్రతి లీజు పత్రంలో ఏటా ఈ వివరాలు జిల్లా కలెక్టరుకు ఇచ్చి, బహిరంగంగా ప్రచురించాలన్న ఒక నిబంధన చేరిస్తే చాలు. నక్కపల్లిలో చాలా ప్లాట్లకు ఇంకా లీజులు రాయాల్సే ఉంది.